పొగబండి పారబోసిన అందం

మా మనవరాలు యూకేజీ చదువుతోంది. సాయంత్రమైతే వీధిలో నలుగురు పిల్లలు ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని రైలు కడతారు. ముందు నిలబడేది మా పిల్లే, అదే ఇంజను. రెండు మోచేతులూ మడిచి ముందుకీ వెనక్కీ ఆడిస్తూ "కూ... చుక్ చుక్ చుక్" అని పరుగందుకుంటుంది. ఈ పిల్లల్లో ఒక్కరు కూడా చుక్ చుక్ మనే ఇంజనును చూడలేదు. వాళ్ల అమ్మానాన్నలూ చూడలేదు. ఇప్పుడు విజయనగరం స్టేషన్లో ఆగే కరెంటు ఇంజను చుక్ మనదు, దానికి ఊగే మోచేతులూ లేవు. ఆట మాత్రం మారలేదు. గేటు లేని రైలు క్రాసింగు దగ్గర రోడ్డు పక్కన పెట్టే హెచ్చరిక బోర్డు మీద కూడా ఇప్పటికీ పొగగొట్టం ఉన్న ఇంజను బొమ్మే.

కళ్లముందు లేని యంత్రం మనసులో ఇంత గట్టిగా ఎందుకు ఉండిపోయింది? పాత రోజుల మీద మమకారం అని తేల్చేయడం తేలిక. ఆ జవాబు నాకెప్పుడూ సరిపోలేదు. ట్రంకు కాల్ కోసం గంటలు గంటలు కూర్చోవడం పాత రోజుల్లోదే, కిరోసిన్ క్యూ కూడా పాత రోజుల్లోదే. వాటిని తలుచుకుని ఎవరూ కళ్లు తుడుచుకోరు. ఆవిరి ఇంజను సంగతి వేరు. దీని వెనక కాస్త ఇంజనీరింగు ఉంది, కాస్త ఊరి భూగోళం ఉంది. నా లెక్క ప్రకారం మనం నోరెళ్లబెట్టి చూసిందంతా ఆ ఇంజను వృథాగా పారబోసుకున్న శక్తినే. అది బాగా పనిచేసేదైతే మనకి చూడ్డానికి ఏమీ మిగిలేది కాదు.

పడుకోబెట్టిన కుక్కరు

ఇది అర్థం కావడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు, ప్రెషర్ కుక్కరు తెలిస్తే చాలు. మూత బిగించిన కుక్కరులో నీళ్లు మరిగితే ఆవిరి లోపలే పేరుకుని వెయిటుని పైకి తోస్తుంది. ఇంజను బాయిలరూ అంతే, కాకపోతే దీన్ని పడుకోబెట్టారు. వెనకవైపు ఉండే పొయ్యి పేరు ఫైర్‌బాక్సు. అందులో బొగ్గు మండితే ఆ వేడి, పొగ కలిసి బాయిలరు పొడవునా అమర్చిన గొట్టాల గుండా ముందుకి పోతాయి. గొట్టాల చుట్టూ నీళ్లు. ఆ నీళ్లు మామూలుగా బయట ఆవిరైతే 1,600 రెట్లకు పైగా చోటు కావాలి. అంత చోటు ఇవ్వకుండా బిగబట్టి ఉంచుతారు కాబట్టి ఒత్తిడి పెరుగుతుంది. దేశమంతటా పెద్ద పట్టాల మీద ప్రయాణికుల బండ్లు లాగిన డబ్ల్యూపీ రకం ఇంజనులో ఆ ఒత్తిడి చదరపు అంగుళానికి 210 పౌండ్లు. కారు టైరులో గాలి 30, 35 దగ్గర ఆపేస్తాం కదా, దానికి ఆరేడు రెట్లు. ఆ ఒత్తిడిలో నీళ్లు మరిగేది వంద డిగ్రీల దగ్గర కాదు, 200 దగ్గర.

ఆ ఆవిరి సిలిండరులోకి దూరి పిస్టనుని తోస్తుంది. పిస్టను ఓ ఇనప చేతిని తోస్తుంది. ఆ చెయ్యి చక్రాన్ని తిప్పుతుంది. మరి పని అయిపోయిన ఆవిరి ఎటు పోతుంది? కరెంటు తయారుచేసే ప్లాంటులో అయితే దాన్ని చల్లబరిచి నీళ్లు చేసి మళ్లీ బాయిలరులోకి పంపుతారు. కదిలే బండి మీద అంత సరంజామా మోయడం కష్టం. అందుకని పొగగొట్టంలోంచి ఆకాశంలోకి వదిలేస్తారు. నీళ్లని ఆవిరి చేయడానికి ధారపోసిన వేడిలో పెద్ద వాటా ఆ తెల్లటి మబ్బుతోనే పోతుంది. పొగతో కొంత, సగం కాలి ఎగిరిపోయే బొగ్గు రజనుతో కొంత, బాయిలరు ఒంటి వేడితో ఇంకొంత. మొత్తానికి నూరు కిలోల బొగ్గు వేస్తే అందులో ఆరు నుంచి ఎనిమిది కిలోల పాటి వేడే బండిని లాగుతుంది. మిగిలిన తొంభై పైచిలుకూ రైల్వేకి నష్టం, గట్టు మీద నిలబడ్డ మనకి తమాషా.

మన పెద్దవాళ్లు పెట్టిన పేరే చూడండి. పొగబండి. కాస్త పుస్తకాల భాషలో ధూమశకటం. లాగే బరువుని చూసి కాదు, నడిచే పట్టాలని చూసి కాదు, పారబోసే పొగని చూసి పెట్టిన పేరు.

ఊపిరి

అయితే ఆ ఆవిరిని మరీ ఊరికే వదిలేయరు. ఇంజను ముందు భాగంలో, పొగగొట్టానికి సరిగ్గా కింద, సన్నమూతి గొట్టం ఒకటి ఉంటుంది. వాడేసిన ఆవిరి ఆ మూతిలోంచి పిచికారీలా పైకి చిమ్ముతూ చుట్టూ ఉన్న పొగని తనతో లాక్కుపోతుంది. అక్కడ గాలి పలచబడుతుంది. దాంతో అటు చివర పొయ్యి అడుగునుంచి కొత్తగాలి దూసుకొచ్చి నిప్పు రాజుకుంటుంది. అమ్మమ్మలు కట్టెల పొయ్యి ఊదే గొట్టం గుర్తుందా? ఇదీ అదే పని చేస్తుంది, కాకపోతే ఊదకుండా పీలుస్తుంది.

దీంట్లో ఉన్న తెలివి నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. బండి బరువైతే డ్రైవరు ఎక్కువ ఆవిరి వాడతాడు. ఎక్కువ ఆవిరి చిమ్మితే పీల్పు గట్టిగా ఉంటుంది. పీల్పు గట్టిగా ఉంటే నిప్పు ఇంకా మండుతుంది, ఇంకా ఆవిరి పుడుతుంది. ఎవరూ చెప్పకుండానే పొయ్యి తన మంటని బరువుకి తగ్గట్టు పెంచుకుంటుంది, తగ్గించుకుంటుంది. 1829 నాటి 'రాకెట్' అనే పేరున్న రైలింజను దగ్గర్నుంచి చివరి రోజుల దాకా ఇదే సూత్రం. మెట్లెక్కేటప్పుడు మనిషి రొప్పుతాడు, గట్టు ఎక్కేటప్పుడు ఇంజను రొప్పుతుంది. ఇది ఉత్త పోలిక కాదు, కారణం ఒకటే, రెండింటికీ గాలి ఎక్కువ కావాలి. ఆవిరి ఇంజనుకి ప్రాణం ఉందని చిన్నప్పుడు అనుకున్నవాళ్లు మరీ అంత పొరబడలేదన్నమాట.

ఇక చుక్ అనే చప్పుడు. పిస్టను ఒక తోపు తోశాక ఆవిరి ఒక్కసారిగా బయటపడ్డప్పుడు వచ్చేది అదే. ఇంజనుకి ఎడమ ఒకటి, కుడి ఒకటి సిలిండర్లు. ఒక్కోదానిలో పిస్టను ముందుకి ఒక తోపు, వెనక్కి ఒక తోపు. చక్రం ఒక చుట్టు తిరిగేసరికి నాలుగు చుక్‌లు. తకధిమి. 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊరు మాది, తాళం తప్పితే ఊరుకోం. షెడ్డులో ఫిట్టర్లు కూడా ఊరుకునేవారు కాదు. నాలుగింట్లో ఒకటి మెత్తగానో, ముందుగానో పడితే ఏ వైపు వాల్వు సర్దాలో చెవితోనే పట్టేసేవారు.

నాలుగు దెబ్బలూ సమంగా పడాలంటే కుడి చెయ్యి, ఎడమ చెయ్యి ఒకేసారి కదలకూడదు. ఒకదానికన్నా రెండోది పావు చుట్టు వెనక ఉండాలి. అలా పెట్టింది తాళం కోసం కాదు. సైకిలు పెడళ్లు ఒకటి నిట్టనిలువుగా పైనా, ఒకటి కిందా ఉన్నప్పుడు నిలబడి తొక్కినా సైకిలు కదలదు. ఇంజనుకీ అదే బాధ. రెండు వైపులా ఒకేసారి అలా ఇరుక్కుంటే బండి ప్లాట్‌ఫారం మీదే ఉండిపోతుంది. ఒకటి ఇరుక్కున్నప్పుడు రెండోది తోసేలా పావు చుట్టు తేడా పెట్టారు.

ఊళ్లోనే ఎందుకు

ఇప్పుడో చిన్న లెక్క. డబ్ల్యూపీ ఇంజను పెద్ద చక్రం అడ్డుకొలత 1.7 మీటర్లు, అంటే మామూలు మనిషి ఎత్తు. ఒక చుట్టుకి 5.3 మీటర్ల దాకా పోతుంది. గంటకి పది కిలోమీటర్ల వేగంతో కదులుతుంటే సెకనుకి రెండు చుక్‌లు పడతాయి. నోటితో అనుకోవచ్చు, చేత్తో తాళం వేయొచ్చు. అరవై కిలోమీటర్లకి చేరితే సెకనుకి పన్నెండు. పన్నెండింటిని చెవి లెక్కపెట్టలేదు, గొంతు పలకలేదు. అదంతా ఒకటే హోరు. పొలంగట్టు మీద నిలబడి ఎక్స్‌ప్రెస్ చూసినవాడికి వినబడేది ఆ హోరే. చుక్ చుక్ వినాలంటే బండి నెమ్మదిగా పోవాలి. బండి నెమ్మదిగా పోయేది ఊళ్లో, స్టేషన్ వదిలేటప్పుడు.

అక్కడే ఇంకో సంగతి ఉంది. బండి కదిలించేటప్పుడు డ్రైవరు తన ముందున్న రివర్సరు చక్రాన్ని పూర్తిగా ముందుకి తిప్పి పెడతాడు. అప్పుడు పిస్టను ప్రయాణంలో దాదాపు ముప్పావు వంతు దాకా బాయిలరు ఆవిరి దాని వెనకే దూరుతుంది. బలం బాగా వస్తుంది. కానీ ఆ ఆవిరి పూర్తిగా ఉబ్బకముందే, ఇంకా బోలెడంత ఒత్తిడి మిగిలి ఉండగానే దాన్ని బయటికి వదిలేయాలి. అందుకే ఒక్కో చుక్ తుపాకీలా పేలుతుంది. వేగం అందుకున్నాక చక్రాన్ని కొద్దికొద్దిగా వెనక్కి తిప్పుకుంటూ వస్తాడు. పిస్టను పావు దూరం పోగానే ఆవిరి ఆపేసి, మిగతా దూరం లోపలున్న ఆవిరి ఉబ్బడం మీదే నెట్టుకొస్తాడు. చప్పుడు మెత్తబడుతుంది, బొగ్గు కలిసొస్తుంది. అంటే ఊరివాళ్లు చూసింది ఇంజను అన్నిటికన్నా దుబారాగా నడిచే ఆ రెండు మూడు నిమిషాలు. అసలు పని, పొదుపైన పని, ఊరు దాటాక ఎవరూ చూడనిచోట జరిగేది.

దీనికితోడు పక్కనుంచి బుస్సుమని కొట్టే ఆవిరి. ఆగి ఉన్నంతసేపు సిలిండర్లు చల్లబడి లోపల ఆవిరి నీరవుతుంది. ఆ నీరు బయటికి పోకపోతే పిస్టను దాన్ని నొక్కి సిలిండరు మూత పగలగొట్టగలదు. అందుకని కదిలేముందు సిలిండరు కింది కాక్‌లు, అంటే చిన్న కుళాయిలు, తెరుస్తారు. ప్లాట్‌ఫారం చివర నిలబడ్డవాళ్ల పంచెలు తడిసేది వాటితోనే. పట్టాలు తడిగా ఉంటే ఇంకో తమాషా, చక్రాలు జారి చుక్... చుక్... చుకచుకచుక అని ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. అప్పుడు డ్రైవరు ఆవిరి ఆపి, పట్టాల మీద ఇసక వదిలి, మళ్లీ మొదలుపెడతాడు. మాకు అది పండగ. డ్రైవరుకి ఎంత టెన్షనో అప్పుడు తెలియదు.

నేను చూసింది 1970ల మధ్యలో. అప్పటికే మెయిళ్లకి డీజిలు వచ్చేసింది. పాసింజర్లు, గూడ్సులు, షంటింగు మాత్రం ఇంకా ఆవిరి మీదే. ఆదివారం సాయంత్రం మా నాన్న నన్ను వనంగుడికి తీసుకెళ్లి, పైడితల్లమ్మకి దణ్ణం పెట్టించి, అక్కణ్ణుంచి పక్కనే ఉన్న స్టేషనుకి నడిపించేవాడు. నాకు గుడి ముందు, బండి తర్వాత. ఆయనకి ఏది ముందో ఇప్పుడు అనుమానం. ఇద్దరం కాలి వంతెన ఎక్కి సరిగ్గా లైను మీద నిలబడేవాళ్లం. ఇంజను కిందకి రాగానే లోకం తెల్లగా మాయమైపోయేది. వెచ్చగా, తడిగా, కోడిగుడ్డు కుళ్లినట్టు కొద్దిపాటి గంధకం వాసన. నాన్న చెయ్యి కూడా కనబడేది కాదు, పట్టుకున్నట్టు తెలిసేదంతే. నాలుగు చుక్‌ల తర్వాత ఆయన ముఖం మళ్లీ కనబడేది, ముక్కు మీద నల్లటి చుక్కతో.

ఓసారి ఆ నుసి నా కంట్లో పడింది. రుద్దొద్దని నాన్న అంటున్నా రుద్దేశాను. ఇంటికెళ్లేసరికి కన్ను చింతనిప్పు. అమ్మ కొంగు ముడి నోట్లో పెట్టి ఆవిరి ఊది కంటికి అద్ది, రెప్ప తిప్పి, చీర అంచుతో ఆవగింజలో సగం ఉన్న బొగ్గు ముక్కని తీసి చూపించింది. మూలమూలలా మెరుస్తోంది. దాన్ని అగ్గిపెట్టెలో దాచుకున్నాను. అది నిజానికి కాలకుండా ఎగిరిపోయిన ఇంధనం, పైన చెప్పిన తొంభై పైచిలుకులో నా వాటా.

తెలుపు, నలుపు

ఇంజను మీద కనబడే తెల్లటిదాన్ని ఆవిరి అంటాం గానీ అసలైన ఆవిరి కంటికి కనబడదు. కుక్కరు వెయిటు లేచినప్పుడు మూతికి ఆనుకుని అంగుళం మేర ఏమీ కనబడదు చూడండి, ఆవిరి అదే. ఆ పైన తెల్లగా కనిపించేది చల్లగాలి తగిలి పేరుకున్న నీటి తుంపర. అందుకే ధనుర్మాసం పొద్దున్న ఆరింటి బండి మబ్బులు మోసుకొచ్చినట్టు వచ్చేది, మే నెల మధ్యాహ్నం బండి బోడిగుండులా వచ్చేది. ఇంజను అదే, బొగ్గు అదే.

నల్లపొగ కథ వేరు. బొగ్గు ఒక్కసారిగా ఎక్కువ వేసినా, గాలి చాలకపోయినా సరిగ్గా కాలక నల్లపొగ వస్తుంది. ఫొటోలు తీసేవాళ్లకి అదంటే ప్రాణం. ఇన్‌స్పెక్టర్లకి మాత్రం అది ఫైర్‌మన్ పనితనం తక్కువని చెప్పే సాక్ష్యం. మంచి ఫైర్‌మన్ పార నిండా వేయడు, పలచగా, ఏ మూల నిప్పు సన్నగిల్లిందో ఆ మూలకే విసురుతాడు. మన బొగ్గులో బూడిద పాలు ఎక్కువ కావడం ఇంకో తలనొప్పి. డబ్ల్యూపీ ఇంజనుని 1947లో అమెరికా నుంచి తెప్పించినప్పుడే ఈ నాసిరకం బొగ్గుని దృష్టిలో పెట్టుకుని వెడల్పాటి పొయ్యితో చేయించారు. గూడ్సు కోసం వచ్చిన డబ్ల్యూజీ రకం దీనికి చెల్లెలు లాంటిది. 1950లో చిత్తరంజన్ కార్ఖానా నుంచి మొట్టమొదట బయటికొచ్చింది ఆ రకమే, పేరు దేశబంధు. ఇదే కార్ఖానాలో 1970లో తయారైన చివరి పెద్ద పట్టాల ఆవిరి ఇంజనూ ఆ రకమే. దానికి పెట్టిన పేరు అంతిమ్ సితారా.

కూత గురించి చెప్పకపోతే మా వీధి పిల్లలు ఒప్పుకోరు. సన్నటి చీలికలోంచి వచ్చే ఆవిరి ఇత్తడి గంట అంచుకి తగిలి పలుకుతుంది. తాడు ఎంత లాగితే అంత, కాబట్టి డ్రైవరు చేతిలో అది సన్నాయిలా వంగుతుంది. ఏ డ్రైవరు వస్తున్నాడో కూతని బట్టి చెప్పగలిగేవాళ్లు లైను పక్క ఇళ్లల్లో ఉండేవారు. మా పిల్లకాయల ఆట ఒకటుండేది. దూరంగా ఇంజను నెత్తిన తెల్లటి తోక లేవగానే ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేవాళ్లం. మూడు దగ్గర కూత చెవిన పడితే బండి కిలోమీటరు దూరంలో ఉన్నట్టు. ధ్వని వేగం పాఠం నాకు బళ్లోకి వెళ్లకముందే వచ్చేసింది.

చూడగలిగిన ఊరు, చూడలేని ఊరు

ఈ వేడుక అన్ని ఊళ్లకీ దక్కలేదు. శ్రీకాకుళం జిల్లాకి ముఖ్యపట్టణమే గానీ రైలు ఊళ్లోకి రాదు. శ్రీకాకుళం రోడ్డు అని బోర్డు ఉన్న స్టేషన్ పదమూడు కిలోమీటర్ల అవతల ఆమదాలవలసలో ఉంది. అక్కడివాళ్లకి రైలంటే ప్రయాణం. పనిగట్టుకుని, టిక్కెట్టు కొనుక్కుని, సామాను మోసుకుని వెళ్తే కనబడేది. మాకు రైలంటే సాయంత్రం షికారు.

కటక్ నుంచి బెజవాడ దాకా కోస్తా లైను 1893, 1896 మధ్య ముక్కలు ముక్కలుగా తెరిచారు. ఆ తర్వాత ఉత్తరభాగం బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేతికొచ్చింది. విజయనగరం నుంచి పార్వతీపురం వైపు ఇంకో లైను చీలింది. 1931లో అది రాయపూర్ దాకా కలిసింది. మధ్య పరగణాల సరుకుని విశాఖ రేవుకి దగ్గరి దారిన దించడం దాని ఉద్దేశం, రేవు 1933లో తెరిచారు. అలా మా ఊరు జంక్షన్ అయింది. చూసేవాడికి జంక్షన్ అంటే ఇంజను విడిపోవడం, నీళ్లు తాగడం, పెట్టెలు కలుపుకోవడం, మళ్లీ రొప్పుతూ కదలడం. ఇవన్నీ నెమ్మదిగా జరిగేవే. నీళ్లు తాగడం అన్నది ఉత్తినే అనలేదు. ఏనుగు తొండంలాంటి గొట్టాన్ని, ఇంజను వెనక బొగ్గూ నీళ్లూ మోసే టెండరు మీదకి తిప్పి, ఫైర్‌మన్ దాని మూతిని చేత్తో పట్టుకుని నిలబడేవాడు. ఇరవై వేల లీటర్లకు పైగా పట్టే తొట్టి అది. బొగ్గు పదిహేను టన్నుల దాకా.

శ్రీకాకుళం జిల్లాకి బొత్తిగా అన్యాయం జరిగిందని కాదు. నౌపడా దగ్గర ఉప్పుమళ్ల పక్కనుంచి బయల్దేరే చిన్నబండి ఒకటుండేది. పర్లాకిమిడి రాజావారు తమ ఖర్చుతో వేయించిన రెండున్నర అడుగుల పట్టాల లైను. 1900లో నౌపడా, పర్లాకిమిడి మధ్య మొదలై, 1931 నాటికి గుణుపురం చేరి 90 కిలోమీటర్లయింది. టెక్కలి, పాతపట్నం వాళ్లకి పొగబండి అంటే ఇదే. చక్రాలు చిన్నవి కాబట్టి చుట్లు ఎక్కువ, చుట్లు ఎక్కువ కాబట్టి చుక్‌లు ఎక్కువ. వినేవాడికి బండి ప్రాణాలరచేత పట్టుకుని పరిగెడుతున్నట్టుంటుంది. చూసేవాడికి సైకిలు దాటిపోతూ కనిపిస్తుంది. దిగి మజ్జిగ తాగి మళ్లీ అదే పెట్టె ఎక్కొచ్చని ఆ వైపు పాత జోకు. పెద్ద లైన్ల మీద ఆవిరి పోయాక కూడా ఈ చిన్న ఇంజన్లు 1990ల ఆరంభం దాకా ఊపిరి బిగబట్టి నడిచాయి. 2004లో ఆ లైను మూసి, పెద్ద పట్టాలు వేసి, 2011లో మళ్లీ తెరిచారు. ఇప్పటి బండి చాలా తొందరగా చేరుస్తుంది. నిజం చెప్పాలంటే ఆస్పత్రికి వెళ్లేవాళ్లకి కావలసింది అదే.

లోపలివాళ్లు

మా పక్కింట్లో ఉండే పెద్దాయన పదేళ్లకి పైగా ఫైర్‌మన్‌గా చేసి, తర్వాత డీజిలు మీదకి మారినవాడు. బాబాయ్ అంటాను. ఓసారి ఇలాగే పొగబండి అందాల గురించి మాట్లాడబోతే చుట్ట పక్కన పెట్టి, "నీకేటి బాబూ, బయట నిలబడి సూసినోడివి. లోపల ఉడికిపోయినోలం మేం" అన్నాడు.

ఆయన చెప్పినవి వింటే పంచెలు తడవడం, కంట్లో నుసి అన్నీ ముద్దుముచ్చట్లే. ఇంజను మీద ముగ్గురు. డ్రైవరు, ఫస్టు ఫైర్‌మన్, సెకండు ఫైర్‌మన్. సెకండు ఫైర్‌మన్ టెండరులో బొగ్గు పెళ్లలు సుత్తితో కొట్టి ముందుకి లాగాలి. ఫస్టు ఫైర్‌మన్ కదిలే ఇనప పలక మీద కాళ్లు ఎడంగా పెట్టి, ఊగుతూ, పొయ్యిలోకి విసరాలి. ఒక్క ట్రిప్పులో టన్నుల లెక్కన. పొయ్యి లోపల వెయ్యి డిగ్రీల పైన, బయట వైశాఖం ఎండ. తలుపు తెరిచిన ప్రతిసారీ ముఖానికి, మూసిన ప్రతిసారీ వీపుకి చెమట. బాబాయి ఎడమ ముంజేతి మీద వెంట్రుకలు ఈనాటికీ సరిగ్గా మొలవలేదు, పొయ్యి తలుపు వైపు ఉండే చెయ్యి అది. దుకాణంలో పులుసులోకి చింతపండు కొన్నంత శ్రద్ధగా బొగ్గు ముక్క వేళ్లతో నలిపి చూసి, ఈ రోజు బండి లేటో కాదో చెప్పేసేవాడినని మాత్రం కాస్త గర్వంగానే అన్నాడు.

లైను పక్క ఇళ్ల ఆడవాళ్లకీ ఒక లెక్క ఉండేది. ఏ బండి వెళ్లాక బట్టలు ఆరేయాలో, ఏ బండి రాకముందు తీసేయాలో. ఎండాకాలంలో లైను పక్కన గడ్డిమేటు వేసుకున్నవాడికి నిప్పురవ్వల భయం. ఈ సంగతులు ఫొటోల్లో పడలేదు.

ఎందుకు పోయింది

బొగ్గు అయిపోయి కాదు. మొదటి కారణం పైన చెప్పిన లెక్కే. ఆవిరి ఆరు నుంచి ఎనిమిది శాతం దగ్గర ఆగిపోతే డీజిలు ఇంజను ముప్పై చుట్టుపక్కల ఇస్తుంది. రెండోది, నా దృష్టిలో ఇంకా పెద్దది, కాలం. చల్లారిన పెద్ద ఆవిరి ఇంజనుని బండి లాగే స్థితికి తేవాలంటే గంటల పని, తొందరపెడితే బాయిలరు ఒళ్లు పగులుతుంది. అందుకని పని లేకపోయినా రాత్రంతా నిప్పు ఉంచాలి. రోజూ బూడిద దులపాలి, గొట్టాలు శుభ్రం చేయాలి, కొన్నాళ్లకోసారి బాయిలరు కడగాలి. వంద మైళ్లు పోతే దాహం. ఒకవైపు ముఖం ఉన్న జంతువు కావడంతో మలుపు తిప్పే చక్రబల్ల కావాలి. వాల్తేరులో హౌరా, మద్రాసు బండ్ల ఇంజను అటు చివరనుంచి ఇటు చివరకి మారాల్సిందే కాబట్టి అక్కడ ఈ తంతు తప్పేది కాదు. డీజిలుకి ఇవేవీ లేవు, మీట నొక్కితే లేస్తుంది. రోజులో ఎక్కువ గంటలు పట్టాల మీద ఉంటుంది. పద్దు పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్న ఏ అధికారైనా అదే నిర్ణయం తీసుకుంటాడు, నేనైనా సరే. 1995 డిసెంబరులో పంజాబు వైపు పెద్ద పట్టాల మీద మామూలు సర్వీసులో ఆఖరి ఆవిరి బండి నడిచింది.

ఇప్పుడు చూడాలంటే ఊటీ కొండబండి ఉంది. మేట్టుపాళయం నుంచి కూనూరు దాకా ఇంకా ఆవిరే లాగుతుంది, 2005 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. డార్జిలింగు బండి అంతకన్నా ముందే, 1999లో చేరింది. పాత బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వాళ్ల గారట్ ఇంజను ఢిల్లీ జాతీయ రైలు మ్యూజియంలో నిలబడి ఉంది, బరువు 234 టన్నులు. బాయిలరు ఒకటి, దానికి ముందొకటి వెనకొకటి రెండు ఇంజన్లు. వెళ్లినప్పుడు దాని చక్రం మీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది. చల్లగా ఉన్న ఆవిరి ఇంజను చూడ్డానికి నాకెందుకో ఇబ్బందిగా ఉంటుంది.

మొన్న సాయంత్రం మనవరాలి రైలు వీధి మలుపు తిరుగుతుంటే ఆపాను. "అలా రెండు చేతులూ ఒకేసారి ఆడించకూడదు తల్లీ. కుడి మోచెయ్యి ముందుకెళ్లాక, ఎడమది పావు చుట్టు వెనక రావాలి. లేకపోతే బండి కదలదు" అన్నాను. కుడి చెయ్యి ముందుకి పెట్టింది. ఎడమది ఎక్కడ పెట్టాలో తెలియక నా ముఖం చూసింది. చేసి చూపిద్దామని నేను ప్రయత్నించాను. నాకూ రాలేదు. రెండుసార్లు చేతులు పెనవేసుకుపోయాయి, వెనక పెట్టెలు నవ్వడం మొదలుపెట్టాయి.

"మాది కరెంటు ఇంజను తాతా" అంది పిల్ల, చేతులు కిందకి వదిలేసి. "పాఁ" అని హారన్ కొట్టి పరిగెత్తింది. వెనక పెట్టెలు మాత్రం చుక్ చుక్ అంటూనే పోయాయి.